కాలువగట్టు దారిలో తుడిచినవి

ఫిబ్రవరి 24, ఉదయం 6:40

దారి పుస్తకం క్రమం తప్పకుండా రాయాలని వార్డు ఆఫీసు వారు మళ్ళీ గుర్తు చేశారు. ముప్పై ఏళ్ళు పంపుహౌస్‌లో గంటగంటకీ నీటిమట్టం రాసినదాన్ని. నాకు రాయడం నేర్పుతున్నారు!

పేరు పైల దమయంతి. వయసు యాభై ఎనిమిది. ఏడో పందిరి, కాలువగట్టు దారి బాధ్యురాలిని. దారి పొడవు ఆరువందల నలభై మీటర్లు. కాలువలో నీళ్ళు లేవు, గట్టు మాత్రం ఉంది. గట్టు మీద కరివేపాకు, నిమ్మ, మారేడు, అక్కడక్కడ తంగేడు. ఎండ ఆపడానికి వీధులన్నిటి మీదా కట్టిన మా పందిరి వల కింద మనిషి కాలికి మట్టి తగిలే చోటు ఇదొక్కటే. మిగతాదంతా పలకలు పరిచేశారు.

ఏప్రిల్ 6న వసంత నడక. ఊరంతా దారి వెంట నడిచి కనబడిన ప్రాణులను లెక్క రాయించాలి. నిరుడు రెక్కలున్నది ఒక్కటీ కనబడలేదు. ముందటేడూ అంతే. ఈ ఏడు కూడా సున్నా వస్తే దారిని 'ఖాళీ భూమి' కింద రాసేసి బ్యాటరీ షెడ్లకు ఇచ్చేస్తారట.

జనం దిగులు పడకుండా ఆఫీసు వారు నలభై బొమ్మ సీతాకోకచిలుకలను దారిలో వదిలారు. నీలం రంగువి. అలసిపోతే గోడకున్న పలక మీద వాలి ఛార్జింగ్ పెట్టుకుంటాయి. నిన్న మా వీధి పిల్ల ఒకతి, "నిజం సీతాకోకచిలుకలు ఎక్కడ ఛార్జింగ్ పెట్టుకునేవి అమ్మమ్మా?" అని అడిగింది. పిల్ల మీద కాదు, ఆ బొమ్మలు కొన్నవాళ్ళ మీద ఒళ్ళు మండింది.

ఆకుల మీద తుడిచిన రెట్టలు: 31. సంతకాలు: పైల దమయంతి, సాసుపల్లి అసిరమ్మ.

ఫిబ్రవరి 28, ఉదయం 6:50

వారానికి రెండుసార్లు ఆకులు తుడవాలి. రెండేళ్ళ క్రితం వచ్చిన పదిహేడో సర్క్యులర్ అది. ఆకుల మీద దుమ్ము, పక్షుల రెట్టలు, ఇతర మచ్చలు లేకుండా తడిగుడ్డతో తుడిచి, ఎన్ని తుడిచారో రాసి, ఇద్దరు సంతకం చేయాలి. ఇద్దరు లేకపోతే లెక్క చెల్లదు. శుభ్రతలో మా దారికి వరుసగా రెండుసార్లు మొదటి బహుమతి వచ్చింది. ఇత్తడి పలక ఇచ్చారు. గేటుకు నేనే బిగించాను.

నాతో తుడిచేది అసిరమ్మ పిన్ని. మా అమ్మ స్నేహితురాలు, పక్క గది. డెబ్భై ఎనిమిదేళ్ళు. పందిళ్ళు వేయకముందు కొండ కింద పుట్టి పెరిగిన మనిషి మా వీధిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. తుడుస్తూ ఎప్పుడూ అవే కబుర్లు.

"సెలమ కాడ తడి ఇసక మీద సీతాకోకసిలకలు గుంపులుగా వాలిపోయీవే. మజ్జిలోకెళ్ళి నిలబడితే ఒంటి నిండా రెక్కలే. సచ్చీలోగా ఒక్కటి సూస్తే సాలు నాకు."

దారి పోతే ఆవిడకు ఈ కబుర్లు చెప్పుకునే చోటు కూడా ఉండదు. గదిలో కూర్చుంటే గోడలకు చెప్పాలి.

పందిరి కింద పక్షిని చూసి పదకొండేళ్ళయింది. వల మీద ఎప్పుడైనా వాలితే కన్నాల్లోంచి రెట్ట పడుతుందని ఆఫీసు వారి వివరణ. ఆ పక్షికి మా బెంచీలు నచ్చవు, గట్టు రాళ్ళు నచ్చవు, వచ్చి వచ్చి కరివేపాకు మీదా నిమ్మాకు మీదా పోతుంది. తాలింపు రుచి తెలిసిన పక్షే అని పిన్నీ నేనూ నవ్వుకున్నాం.

తుడిచినవి: 46. సంతకాలు ఇద్దరివీ.

మార్చి 5, ఉదయం 7:15

లెక్కింపు అధికారి భానోజీ గారు వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి, మాట మెత్తన. చేతిలో టేపు. దారి అడ్డంగా నాలుగు చోట్ల సున్నంతో గీతలు గీయించారు.

"ఇవేమిటండీ?" అన్నాను.

"షెడ్లకు కొలతలు మేడమ్. ముందుగా తీసి పెట్టుకుంటే తర్వాత ఆలస్యం ఉండదని."

"నడక ఇంకా నెల రోజులుంది కదా?"

"అవునండీ, నడక జరుగుతుంది. దానికీ ఏర్పాట్లు చేస్తున్నాం."

మంచం మీద మనిషి ఊపిరి తీస్తూ ఉండగానే పాడెకు కొలత తీసుకున్నట్టుంది. ఆ మాట ఆయనతో అనేశాను కూడా. ఆయన నొచ్చుకుని, తాను రూల్ ప్రకారం చేస్తున్నానని చెప్పి వెళ్ళిపోయారు. వెళ్ళాక గీతల్లో రెండింటిని కాలితో చెరిపాను. ఇది రాయకూడదేమో, రాశాను.

తుడిచినవి: 52.

మార్చి 9, సాయంత్రం 6:30

నడకకు సాధన అని పద్నాలుగు మంది వచ్చారు. కనబడినవి: తొండ ఒకటి, తంగేడు కింద. దాన్ని చూసి అందరూ ఫొటోలు తీశారు, పాపం అది బెదిరిపోయింది. మిడత ఒకటి. గండు చీమల బారు. రెక్కలున్నది అంటే మిడతకు ఉన్నాయి కదా అని నేను స్తంభం మీద ఉండి కనబడిన ప్రాణులను నమోదు చేసే లెక్క పెట్టెకు చూపించాను. ఎగిరితేనే లెక్కట. మిడత ఎగరలేదు, గంతు వేసింది.

బొమ్మ ఒకటి వచ్చి ఒకాయన భుజం మీద వాలితే ఆయన మురిసిపోయి, "చాలు కదండీ, కంటికి ఇంపుగా ఉంది, దారి ఎక్కడైతే ఏం?" అన్నాడు. అందరికీ ఈ బొమ్మలే చాలితే ఇక నేను ఎవరి కోసం అరుస్తున్నట్టు?

మార్చి 14, ఉదయం 6:20

ఇది రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

పదిహేడు తుడిచాను. పద్దెనిమిదోది లేత కరివేపాకు రెమ్మ మీద ఉంది. గోధుమ రంగు, మధ్యలో తెల్లని మరక, తడిగా మెరుస్తూ, అచ్చం రెట్ట. గుడ్డ తగిలించగానే దాని తలలోంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి వచ్చాయి. నిమ్మకాయ కుళ్ళిన వాసన వేసింది. కొమ్ములు కాసేపు ఆడించి లోపలికి లాక్కుని, అది మెల్లగా వెనక్కి జరిగింది.

"ఏటే దమయంతీ, అలా నిలబడిపోయినావు?" అంది పిన్ని.

చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ముఖం ఆకు దగ్గరికి తెచ్చింది.

"ఓలమ్మ," అంది. "ఇది రెట్ట కాదే. గొంగళి. సీతాకోకసిలక పిల్ల."

తరువాత ఇద్దరం మా చేతుల్లోని గుడ్డల వైపు చూసుకున్నాం. నా గుడ్డ మీద పదిహేడు మరకలు. పిన్ని అక్కడే మట్టిలో కూలబడిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో ఆ క్షణాన తెలియలేదు.

తుడిచినవి: 17. ఇక తుడవను.

మార్చి 19, సాయంత్రం 6:45

ఆ పద్దెనిమిదోదాన్ని రెమ్మతో సహా తెచ్చి, పిన్ని గదిలో స్టీలు డబ్బాలో పెట్టి, పైన పలచని గుడ్డ కట్టాం. రోజూ రెండు రెమ్మలు తినేస్తోంది. నిన్న పాత తోలు విడిచి పచ్చగా తయారైంది. ఇప్పుడు దాన్ని చూసి రెట్ట అని ఎవరూ అనరు. చిన్నప్పుడు తన జోలికి ఎవరూ రాకుండా పెంటలా కనబడుతుందన్నమాట. తినబోయే పిట్టలైతే మోసపోయి వదిలేసేవేమో. మేం శుభ్రమైన మనుషులం కదా, వదల్లేదు.

ఇవాళ ఆఫీసుకు వెళ్ళి భానోజీ గారికి డబ్బా చూపించాను. ఆయన ముఖం నిజంగానే వెలిగింది. కుర్చీలోంచి లేచి వంగి చూశారు. తరువాత కూర్చుని రూల్ తీశారు.

"రెక్కలు లేవు కదా మేడమ్."

"వస్తాయండీ. పది పదిహేను రోజులు ఆగితే."

"రావచ్చండీ. కానీ ఒక్క పురుగే. మీరు బయట నుంచి తెచ్చారని కమిటీ అంటే నేనేం చెప్పను? నడకలో, దారిలో, ఎగురుతూ కనబడాలి. పెట్టె నమోదు చేయాలి."

"ఈ పిల్ల ఉందంటే తల్లి వచ్చి గుడ్డు పెట్టిందనే కదా! తల్లి మీ పెట్టెకు ఎందుకు కనబడలేదు?"

ఆయన మళ్ళీ రూల్ పుస్తకం పేజీలు తిప్పారు. నేను అక్కడే కూర్చుని ఆలోచించాను, జవాబు గోడ మీది బందు నోటీసులోనే ఉంది. ఎండ దెబ్బ తగలకుండా పగలు ఎనిమిది నుంచి అయిదు దాకా పందిరి కింద బందు. సైరన్ మోగితే ఎవరూ తలుపు తీయకూడదు. లెక్క పెట్టె కూడా ఆ తొమ్మిది గంటలు ఆపేస్తారు, కరెంటు ఆదా. ఎండ పడితే గానీ రెక్క విప్పని ప్రాణిని వీళ్ళు తెల్లవారుజామునా మునిమాపునా వెతికి, లేదని సున్నా వేస్తున్నారు. రెండేళ్ళుగా!

"పగలు లెక్కపెట్టండి," అన్నాను.

"బందులో మనుషుల్ని బయటికి పంపే అధికారం ఎవరికీ లేదండీ."

మార్చి 29, మధ్యాహ్నం 12:10

బందులో బయటికి వెళ్ళాం. రాస్తున్నాను, జరిమానా వేసుకోండి.

పిన్నిని రావద్దన్నాను. "నువ్వొక్కదానివీ సూసొచ్చి నాకు సెప్తావేటి? నానొల్లను," అంది. రెండు తడి దుప్పట్లు కప్పుకుని, నీళ్ళ సీసాలు పట్టుకుని పదిన్నరకు దారిలోకి వచ్చాం. నేల నుంచి సెగ మొహానికి కొట్టింది. బొమ్మలన్నీ గోడకు వాలి ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఉత్తరం వైపు వల అతుకు ఊడి అరచేయంత కంత ఉంది. ఇన్నాళ్ళూ ఆ కంతను పూడ్చాలని ఫిర్యాదు మీద ఫిర్యాదు రాసినదాన్ని నేనే.

మారేడు నీడలో కూర్చున్నాం. పావుగంట ఏమీ లేదు. పిన్ని పెదాలు ఎండిపోతుంటే లేచి వెళ్దామన్నాను. అప్పుడు కంతలోంచి ఒకటి దిగింది.

నల్లని రెక్కలు, వాటి నిండా పసుపు చుక్కలు, వెనక రెక్క అంచున ఒక ఎర్ర మచ్చ. బొమ్మలా తిన్నగా ఎగరదు. ఇటు పోతుందనుకుంటే అటు పోతుంది. కరివేపాకు చెట్టును పట్టుకుని ఆకు ఆకూ కాళ్ళతో తడిమింది. లేత చిగురు దొరకగానే రెక్కలు ఆడిస్తూనే తోక వంచి ఒక గుడ్డు పెట్టింది. పసుపు రంగు, ఆవగింజంత. వెంటనే మరో చిగురుకు పోయింది.

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ చెయ్యి నా ముంజేతి మీద బిగిసింది. అరవై ఏళ్ళ తరువాత చూస్తోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"పాపిష్టిదాన్నే," అంది చివరికి. "అది పెట్టుకుంటూ పోయింది. నాను తుడుసుకుంటూ పోయినాను."

ఏప్రిల్ 6, మధ్యాహ్నం 1:30

వసంత నడక. డెబ్భై ఒక్క మంది. తొండ ఒకటి, చీమలు, మిడతలు రెండు. ఎగిరే ప్రాణులు: సున్నా. ఆరు గంటలకు ఎండ లేదు, అది రాలేదు. డబ్బాలోది గూడు కట్టుకుని పడుకుంది, ఇంకా లేవలేదు. నేను ముందే చెప్పాను. వినలేదు. పెట్టె 'సున్నా' అని పైకి చదివితే కొందరు చప్పట్లు కొట్టారు, కార్యక్రమం ముగిసిందని.

నేను ఇంటికి వచ్చి ఈ పుస్తకం ముందు పేజీలో ఉన్న నిబంధనలు మొదటిసారి పూర్తిగా చదివాను. 'ఏ ప్రాణీ గుడ్లు పెట్టని, పిల్లలను పెంచని భూమి ఖాళీ భూమి' అని ఉంది. 'దారి పుస్తకంలో ఇద్దరి సంతకాలతో ఉన్న లెక్క సాక్ష్యంగా చెల్లుతుంది' అని కూడా ఉంది.

ఇద్దరి సంతకాలతో ఉన్న లెక్క నా దగ్గర ఉంది. తేదీ, రెట్టలని రాసిన గొంగళ్ళ సంఖ్య. రెండేళ్ళ పైచిలుకు. కూర్చుని అన్నీ కూడిక వేశాను. ఆరువేల రెండువందల ఏడు. నా దస్తూరీతో, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాసుకున్నాను. ఇన్ని పిల్లలను నలిపి పారేసి ఇత్తడి పలక తగిలించుకున్నాం.

ఏప్రిల్ 9, సాయంత్రం 6:15

కమిటీ ముందు పుస్తకం పెట్టాను. భానోజీ గారు ఒక్కో పేజీ తిప్పి చూశారు. ఆయన నిజాయితీగా చూశారని రాయాలి. పిన్ని గది డబ్బాలోంచి నిన్ననే బయటికి వచ్చి, ఎగిరి కిటికీ తెరకు వాలిన సీతాకోకచిలుకను కూడా వచ్చి చూసుకున్నారు.

"సాక్ష్యం సరిపోతుంది మేడమ్. ఇది ఖాళీ భూమి కాదు. షెడ్లు రావు," అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించారు. "కానీ ఇది ఒప్పుకుంటే, మీరిద్దరూ ఆరువేల పైగా ప్రాణులకు నష్టం చేసినట్టు ఒప్పుకున్నట్టే. అలాంటి వారికి మూడు వసంతాలు ఆ దారిలో ప్రవేశం లేదు."

"తుడవమన్నది ఎవరు? పదిహేడో సర్క్యులర్ ఎవరిది? దాని కింద సంతకం ఎవరిది?"

"సర్క్యులర్ ఆకులు తుడవమంది మేడమ్. పురుగుల్ని చంపమనలేదు."

బల్ల మీద కొట్టాను. చంపమనలేదట! రెట్టలు అన్న మాట వేసింది వాళ్ళు, పక్షి లేని చోట రెట్ట ఎలా వస్తుందని అడగని వాళ్ళు వాళ్ళు. అడగనిదాన్ని నేను కూడా. అందుకే ఇంత మంట.

నా సంగతి సరే, మూడేళ్ళు బయట ఉంటాను. పిన్నికి డెబ్భై ఎనిమిది. ఆవిడకు మూడు వసంతాలంటే ఏమిటో లెక్క వేయడానికి ఎవరికీ పెట్టె అక్కర్లేదు. భానోజీ గారికీ అది తట్టినట్టుంది.

"అసిరమ్మ గారికి చదువు లేదు కదా. ఏం రాశారో తెలియకుండా సంతకం పెట్టానని చెబితే ఆవిడను వదిలేయొచ్చు," అన్నారు.

"అలాగే రాయండి. నేనే పెట్టించాను," అన్నాను.

పిన్ని కర్ర నేలకేసి కొట్టింది. "ఆగు. నా సంతకం సెల్లదంటే మరి లెక్క సెల్తాదా, బాబూ?"

ఆయన తల దించుకున్నారు. "చెల్లదమ్మా. ఇద్దరివీ ఉండాలి."

"మరి నన్నొదిలీసి దారి తీసుకుంటారన్నమాట. నాకు అచ్చరాలు రావు గానీ, నాను తుడిసింది ఎన్నో నాకు తెలుసు. ఒక్కో ఆకూ సూసే తుడిసినాను. తెలిసే సంతకం పెట్టినాను. రాసుకోండి."

"పిన్నీ, మూడేళ్ళు…" అన్నాను.

"సూసినాను గదే ఒకటి," అంది. "ఇకన పిల్లలు సూడాలి."

రాసుకున్నారు. గేటు దగ్గర మా ఇద్దరి పాసులూ తీసేసుకున్నారు.

ఏప్రిల్ 12, ఉదయం 7:10

పుస్తకం కొత్త బాధ్యులకు అప్పగించాను. ఇది రాస్తున్న కాగితం పదిహేడో సర్క్యులర్ సవరణ. దాని వెనక వైపు రాస్తున్నాను, ఇంతకన్నా మంచి పనికి అది పనికిరాదు.

సవరణ ఏమిటంటే: 'ఏడో పందిరి కాలువగట్టు దారిలో ఆకులు తుడిచే పథకం నిలుపుదల చేయడమైనది. మిగిలిన పదకొండు పందిళ్ళలో యథాతథంగా కొనసాగును.'

రెండుసార్లు చదివాను. పదకొండు పందిళ్ళు, పదకొండు దారులు, వారానికి రెండుసార్లు, ఇద్దరేసి మనుషులు, తడిగుడ్డలు. అన్నీ తెలిసి కూడా! వెంటనే ఆఫీసులో రాత్రి డ్యూటీ వారికి ఫోన్ చేస్తే, ఆయా దారుల నుంచి ఫిర్యాదు వస్తే పరిశీలిస్తామన్నారు. ఎవరు ఫిర్యాదు చేస్తారు? తాము తుడుస్తున్నది ఏమిటో వాళ్ళకు తెలిస్తే కదా! ఫోన్ పెట్టేసి పిన్ని గదికి వెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"మనకి రావొద్దన్నది ఆ ఒక్క దారికే గదేటి?"

"ఒక్కదానికే."

"మరి పద."

చీకటి విడకముందే బయలుదేరి, బందు సైరన్‌కు ఇంకా రెండు గంటలుండగా ఎనిమిదో పందిరికి చేరాం. గేటుకు మాకు ఇచ్చినటువంటి ఇత్తడి పలకే ఉంది. లోపల నిమ్మచెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె పుస్తకం పట్టుకుంది, రెండో ఆమె గుడ్డ తడిపి కొమ్మ వంచింది.

"మచ్చలు తుడుస్తున్నామండీ, అయిపోయాక లోపలికి రండి," అంది నవ్వుతూ.

పిన్ని నా చెయ్యి వదిలి, కర్ర పడేసి, ఆ తొందరలో తన కాళ్ళ మీదే గబగబా నడిచి వెళ్ళి ఆమె ముంజేతిని రెండు చేతులతో పట్టుకుంది.